ఎనభైకి నలభై వస్తే ఫెయిలా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. పత్తి, మిర్చి వేస్తాం. మా అబ్బాయికి 14 ఏళ్లు, జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. నిరుడు పీఈటీ సారు బేస్‌బాల్ నేర్పడం మొదలుపెట్టినప్పటి నుంచి వాడికి అదే లోకం. సంక్రాంతి సెలవుల్లో హన్మకొండలో ఒక శిబిరానికి తీసుకెళ్లాను. అక్కడికి వచ్చిన ఒకాయన స్పీడ్ గన్‌తో కొలిచి కాగితం ఇచ్చారు. బంతి వేగం గంటకు 104 కిలోమీటర్లు. ఎనభైకి మార్కులు: చేతి బలం 40, ఫీల్డింగ్ 40, పరుగు 35, బ్యాటింగ్ 35, దూరం కొట్టడం 30. "కుర్రాడు పొట్టి. అయినా రెండు నెలలు మా దగ్గర ఉంచితే 60 దాటిస్తాను, విదేశీ జట్ల స్కౌట్లకు చూపిస్తాను" అన్నారు. ఫీజు 60 వేలు. మా వాడు ఆ కాగితం చూసి "సగం మార్కులే వచ్చాయి నాన్నా" అని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పత్తి అమ్మిన డబ్బు చేతిలో ఉంది. నా భార్య వద్దంటోంది. కట్టమంటారా? వాడి ప్రతిభను ఇంట్లో మేమే కొలుచుకునే దారి ఉందా? ఆ కాగితం వాడికి కనబడకుండా పారేయాలా? మరో మాట. రోజూ సాయంత్రం గోడకు 120 బంతుల దాకా విసురుతాడు. ఈ మధ్య మోచేయి లోపలి వైపు నొప్పి అంటుంటే బామ్ రాస్తున్నాం.

సమాధానం: మీరు చివర్లో 'మరో మాట' అంటూ రాసిన దానితోనే మొదలుపెడతాను. మిగతా ప్రశ్నలకు నెల ఆలస్యమైనా నష్టం లేదు. దీనికి ఆలస్యం పనికిరాదు.

ఈ రోజు నుంచి అబ్బాయి బంతి విసరడం ఆపేయాలి. గోడకు వద్దు, మెల్లగా కూడా వద్దు, ఒక్కసారి చూపిస్తానన్నా వద్దు. బామ్ కూడా ఆపండి. నొప్పి మోసుకొచ్చిన కబురును అది గుమ్మంలోనే ఆపేస్తోంది. ఎముకల డాక్టరుకు చూపించండి. వరంగల్ వెళ్తే ఎంజీఎం ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. ఒక్క చేతికే కాకుండా రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీస్తే పోల్చి చూడటానికి వీలవుతుందేమో అడగండి. కింద పడలేదు, దెబ్బ తగల్లేదు అని మాత్రమే చెబితే అసలు సంగతి దొరకదు. విసిరే ఆట ఆడతాడు, రోజుకు 120 బంతులు, నొప్పి లోపలి వైపు. ఈ మూడు ముక్కలూ విడిచిపెట్టకుండా చెప్పండి.

ఎందుకింత కంగారంటే, పద్నాలుగేళ్ల మోచేయి పెద్దవాళ్ల మోచేయికి చిన్న నమూనా కాదు. లోపలి వైపు చేతికి తగిలే ఎముక బుడిపె ఉంటుంది చూడండి, ఈ వయసులో అది తన ఎముకకు పూర్తిగా అతుక్కుని ఉండదు. మధ్యలో మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది, ఎముక పెరిగేది అక్కడే. బలంగా విసిరిన ప్రతిసారీ ముంజేతి కండరాలు, స్నాయువులు (ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీలు) కలిసి ఆ బుడిపెను లాగుతాయి. పెద్దవాళ్లకైతే స్నాయువు తెగుతుంది. దానికి 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి ఆపరేషన్ చేశారు, చేయించుకున్న పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) టామీ జాన్ పేరే దానికి నిలిచిపోయింది. పిల్లల్లో మాత్రం స్నాయువు కంటే ముందు ఆ మెత్తటి పొరే దెబ్బ తింటుంది. మొన్న అంటుకట్టిన కొమ్మను రోజుకు 120 సార్లు గుంజితే ఏమవుతుందో రైతుకు నేను చెప్పనక్కర్లేదు.

లెక్క కూడా చెబుతాను. అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ (అక్కడి అగ్రశ్రేణి జట్ల లీగ్), యూఎస్ఏ బేస్‌బాల్ అనే సంస్థ కలిసి 'పిచ్ స్మార్ట్' పేరుతో పిల్లలకు హద్దులు పెట్టాయి. 13, 14 ఏళ్ల వారు ఒక రోజులో పిచర్‌గా వేయదగ్గ బంతులు ఎక్కువలో ఎక్కువ 95. 66 గానీ అంతకు మించి గానీ వేస్తే ఆ తర్వాత నాలుగు రోజులు విశ్రాంతి. 51 నుంచి 65 అయితే మూడు రోజులు. 20 లోపు వేస్తేనే మర్నాడు మళ్లీ వేయవచ్చు. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసిరే పనే పెట్టుకోవద్దని కూడా అందులో ఉంది. ఈ లెక్క మ్యాచ్‌లో పూర్తి బలంతో వేసే బంతులకు కదా, గోడకు వేసేవి అంత గట్టిగా ఉండవు కదా అంటారేమో. ఆ కాగితం చేతికొచ్చిన పిల్లవాడు గోడకు ఎలా వేస్తాడో నాకు తెలుసు. ప్రతి బంతికీ వెనక స్పీడ్ గన్ ఉన్నట్టే వేస్తాడు.

ఇక కాగితం సంగతి.

మన చదువులో ఎనభైకి నలభై అంటే యాభై శాతం, అందుకే మీ అబ్బాయి అన్నం మానేశాడు. ఈ కొలమానం అలాంటిది కాదు. ఇది సున్నా దగ్గర మొదలవదు. 20 దగ్గర మొదలై 80 దగ్గర ఆగుతుంది, నడిమిది 50. అమెరికా జట్ల కోసం ఊరూరా తిరిగి కుర్రాళ్లను చూసే స్కౌట్లు వాడే పద్ధతి ఇది. (స్కౌట్ అనగానే మన బడుల్లో మెడకు రుమాలు కట్టుకున్న పిల్లలు గుర్తొస్తారు. వాళ్లు వేరు, వీళ్లు వేరు.) వాళ్లు చూసేవి ఐదు: బంతిని బ్యాటుకు తగిలించే నేర్పు, దూరం కొట్టే బలం, పరుగు, చేతి బలం, ఫీల్డింగ్. ఒక్కోదానికి 20 నుంచి 80 లోపు ఒక అంకె వేస్తారు.

మరి 50 అంటే ఎవరితో పోల్చి? మీ మండలంలోని పిల్లలతో కాదు, తెలంగాణ జట్టుతో కాదు, అమెరికాలోని తొమ్మిదో తరగతి పిల్లలతోనూ కాదు. మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి, ఒక్కో జట్టు ఆడే జాబితాలో 26 మంది. మొత్తం 780 మంది. ప్రపంచంలో ఈ ఆటను అందరికంటే బాగా ఆడే ఆ 780 మంది నడుమ నిలబడినవాడు 50. నలభై అంటే వాళ్ల సగటుకు ఒక్క మెట్టు దిగువ. మీ అబ్బాయికి వచ్చింది సగం మార్కులు కావు. ఆ కాగితం నిజమైతే, తొమ్మిదో తరగతి పిల్లవాడి చేయి మేజర్ లీగ్ గుమ్మం దాకా వచ్చేసినట్టు.

నిజం కాదని ఆ కాగితమే చెబుతోంది. వేగం 104 అని రాసి, దాని కిందే చేతి బలం 40 అని రాశారు. ఈ రోజుల్లో అక్కడి పిచర్ల ఫాస్ట్‌బాల్ (బలమంతా పెట్టి వేసే వేగపు బంతి) సగటు గంటకు 150 కిలోమీటర్లు. 40 మార్కు పడాలంటే వేగం 140 పైమాటే. 104 పద్నాలుగేళ్లవాడికి చక్కని వేగమే, అందులో సందేహం లేదు. కానీ ఈ కొలమానం మీద దాని స్థానం అట్టడుగున ఉన్న 20. నిజాయితీగల స్కౌట్ ఎవరైనా ఈ వయసు పిల్లవాడికి అన్నిటా 20, 25 లోపే వేస్తాడు, అందులో చిన్నతనం ఏమీ లేదు. అందుకే వాళ్లు ఒక్క అంకె వేసి ఊరుకోరు. ఇవాళ్టికి ఇంత, పెరిగి పెద్దయ్యాక ఇంత కావచ్చు అని రెండు వేస్తారు. మీ కాగితంలో రెండో అంకె లేదు. ఉండవలసిన అంకె లేదు, ఉండకూడని అంకె ఉంది. రాసినాయనకు కొలమానం తెలియకపోయి ఉండవచ్చు, తెలిసే రాసి ఉండవచ్చు. రెండింటిలో ఏదైనా మీ 60 వేలు ఆయన చేతికి వెళ్లకూడదు. రెండు నెలల్లో 60 దాటించడమంటే పత్తి చేలో మామిడికాయలు కాయిస్తాననడమే.

విదేశీ స్కౌట్ల మాట కూడా తేల్చేద్దాం. మేజర్ లీగ్ జట్ల స్కౌట్లకు జీతం ఇచ్చేది జట్లు. పిల్లవాడి తండ్రి కాదు. ఇతర దేశాల కుర్రాళ్లతో ఆ జట్లు 16 ఏళ్లు రాకుండా ఒప్పందం చేసుకోవడానికి నిబంధనలే ఒప్పుకోవు. మన దేశం నుంచి వెళ్లినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 2008లో ఒక టెలివిజన్ పోటీ పెట్టి, ఎవరు వేగంగా, గురిగా విసరగలరో వెతికారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లు, రింకూ సింగ్, దినేష్ పటేల్ అందులోంచి బయటికి వచ్చి, ఆ ఏడాది చివర్లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో ఒప్పందం చేసుకున్నారు. (ఈ రింకూ సింగ్ క్రికెటర్ కాదు, తర్వాత కుస్తీ వైపు వెళ్లిన మరొకాయన.) అంతకుముందు వాళ్లు బేస్‌బాల్ ముట్టుకున్నవాళ్లే కారు. కింది స్థాయి లీగుల్లో ఆడారు, మేజర్ లీగ్ దాకా చేరలేదు. వాళ్ల చేతుల్లో వేగం ఉంది, దాన్ని గన్ కొలిచింది. బ్యాటర్ కన్ను ఎటు చూస్తోందో పసిగట్టడం, వెనకబడినప్పుడు ఏ బంతి వేయాలో తెలియడం లాంటివి గన్‌కు అందవు. అవి పదేళ్ల వయసు నుంచి వేల మ్యాచ్‌లలో అబ్బేవి.

శిబిరాలన్నీ మోసమని నేను అనను. మీ పీఈటీ సారుకు తెలిసిన శిబిరం ఏదైనా వస్తే ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "మా వాడు రోజుకు ఎన్ని బంతులు వేస్తాడో ఎవరు లెక్కపెడతారు?" జవాబు చెప్పడానికి తడబడితే బస్సెక్కి వచ్చేయండి.

కొలతల విషయంలో ఇంత గట్టిగా మాట్లాడుతున్నానంటే నేనూ ఒకప్పుడు తప్పుగా కొలిచినవాణ్నే. వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో హన్మకొండలో ఒక మైదానంలో ఎంపికలకు నన్ను పిలిచారు. బేస్‌బాల్‌లో పరుగు పరీక్ష 60 గజాలు. గజం అన్నది మనకు ప్లాట్లు కొనేటప్పుడే గుర్తొస్తుంది. మా దగ్గరున్నది మీటర్ల టేపు. నేను 60 దగ్గర సున్నం గీత గీయించాను. 60 గజాలంటే 54.86 మీటర్లు. అంటే ఆ ఉదయం పిల్లలందరి చేతా ఐదు మీటర్లు అదనంగా పరుగెత్తించి, గజాల లెక్కన రాసిన పట్టికతో పోల్చాను. ఆ ఐదు మీటర్లకు అర సెకను కంటే ఎక్కువే పడుతుంది. ముగ్గురు పిల్లలను 'పరుగు మందం' అని రాసి పంపేశాను. వాళ్లలో ఒకడు ములుగు వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చాడు, కాలికి అన్న బూట్లు, ముందు భాగంలో కాగితం కుక్కుకున్నాడు. మధ్యాహ్నం టేపు చుడుతుంటే నాకు సంగతి తట్టింది. అప్పటికి వాళ్లు వెళ్లిపోయారు. వాళ్ల అడ్రసులు నా దగ్గర లేవు.

మీ అబ్బాయి 104 మీదా అలాంటి అనుమానాలే నాకు ఉన్నాయి. గన్ పట్టుకున్నాయన ఎక్కడ నిలబడ్డారు? బంతి వచ్చే దారికి ఎదురుగా గానీ సరిగ్గా వెనక గానీ ఉంటేనే గన్ నిజం చెబుతుంది. పక్కకు జరిగేకొద్దీ తగ్గించి చూపిస్తుంది. 20 డిగ్రీలు పక్కకు నిలబడితే 110తో వెళ్లిన బంతి 103గా కనిపిస్తుంది. ఎన్ని బంతులు వేయించి ఆ అంకె రాశారు? వాటిలో అన్నిటికంటే ఎక్కువ వచ్చింది రాశారా, సగటు రాశారా? చేతిలో ఉన్నది బేస్‌బాలేనా? బేస్‌బాల్ బరువు 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి 156 నుంచి 163, టెన్నిస్ బంతి 60 గ్రాములైనా ఉండదు. ఇవేవీ రాయకుండా 104 అని రాయడమంటే ధర ఎంతో చెప్పి, క్వింటాలుకా బస్తాకా చెప్పకపోవడం.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవన్‌జీ దీప్తి 2024లో జపాన్‌లోని కోబేలో పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తింది. ఆ ఏడాదే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆ 55.07 కోబేలో ఎంత నిజమో కల్లెడలోనూ అంతే నిజం. 400 మీటర్లు ఎక్కడైనా 400 మీటర్లే, గడియారం ఎవరికీ చుట్టం కాదు. బేస్‌బాల్‌లో అలా నిక్కచ్చిగా తేలేవి పరుగు, బంతి వేగం లాంటివి కొన్నే. మిగతావన్నీ చూసేవాడి కన్ను వేసే మార్కులు, ఆ కన్నుకు ఎన్నేళ్ల అనుభవం ఉందో దాన్ని బట్టే వాటి విలువ. మంచి స్కౌట్ మ్యాచ్ మొదలయ్యే గంట ముందే వస్తాడు. కుడివైపు దూరంగా నిలబడే ఫీల్డర్‌కు మ్యాచ్ మొత్తంలో ఒక్క బంతి కూడా బలంగా విసరవలసిన అవసరం రాకపోవచ్చు, ఆ చేతిని చూడాలంటే ముందు జరిగే సాధనలోనే చూడాలి. ఒక క్యాచ్ జారవిడిచిన తర్వాతి బంతికి ఆ కుర్రాడు ఎక్కడ నిలబడ్డాడో కూడా చూస్తాడు. ఒక్క పూట శిబిరంలో వందమందిని వరుసలో నిలబెట్టి ఇచ్చిన కాగితంలో ఇవేవీ ఉండవు.

ఇంట్లో కొలుచుకోవచ్చా అన్నారు. కొలుచుకోవచ్చు, పెద్దగా ఖర్చు కూడా లేదు. ఒక మీటర్ల టేపు, ఫోను, ఒక నోటుబుక్కు చాలు. ఎవరితోనూ పోల్చకుండా, పోయిన నెల మీ అబ్బాయితో ఈ నెల మీ అబ్బాయిని పోల్చండి. నెలకొక్కసారే. ఒకే వేళ, ఒకే నేల, అవే బూట్లు.

పరుగు ముందు. చేయి నొప్పి ఉన్నా డాక్టరు సరేనంటే దీన్ని మొదలుపెట్టవచ్చు. బేస్‌కూ బేస్‌కూ (పరుగెత్తేవాడు ఒక్కొక్కటే చేరాల్సిన గుర్తులు) మధ్య దూరం 90 అడుగులు, అంటే 27.43 మీటర్లు. పంట కోసి చదునుగా ఉన్న నేల మీద కొలిచి రెండు చోట్లా గుర్తు పెట్టండి. మూడుసార్లు పరుగెత్తించి, ఎక్కువా తక్కువా వదిలేసి నడిమిది రాసుకోండి. ఫోనులోని గడియారం ప్రతిసారీ ఒకరి చేతిలోనే ఉండాలి. మనిషి మారితే వేలు మారుతుంది, వేలు మారితే పావు సెకను అటూ ఇటూ అవుతుంది. నా సలహా, అది మీ ఇంట్లోవారికి ఇవ్వండి. వద్దన్న మనిషి చేతిలో గడియారం నిజాయితీగా నడుస్తుంది. 'గో' అన్నప్పుడు కాకుండా వెనక కాలు కదిలినప్పుడు నొక్కమనండి. మనకు కావలసింది వాడి చెవి కాదు, కాలు.

బంతి విసిరే కొలతలన్నీ డాక్టరు సరే అన్నాకే. బంతి వేగానికి గన్ కొనవలసిన పని లేదు. పిచర్ నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) వరకు 18.44 మీటర్లు. పిచర్ అడుగు ముందుకు వేసి వదులుతాడు కాబట్టి బంతి గాలిలో వెళ్లేది సుమారు 16.8 మీటర్లు. పక్క నుంచి ఫోనులో నెమ్మది వీడియో తీయండి. సెకనుకు 240 చిత్రాలు తీసే ఫోను అయితే మేలు. చేతిలోంచి వదిలిన చిత్రం నుంచి ప్లేట్ చేరిన చిత్రం దాకా లెక్కపెట్టండి. 147 వచ్చాయనుకుందాం. 147ను 240తో భాగిస్తే 0.61 సెకను. 16.8ను దానితో భాగించి 3.6తో హెచ్చిస్తే గంటకు 99 కిలోమీటర్లు. దారిలో గాలి బంతిని తగ్గిస్తుంది కాబట్టి ఈ సగటు ఎప్పుడూ గన్ అంకె కంటే తక్కువే ఉంటుంది, చింతపడకండి. మామూలు వీడియోలో సెకనుకు 30 చిత్రాలే. అక్కడ 18 అని లెక్కపెడితే 101, 19 అని లెక్కపెడితే 96. ఒక్క చిత్రం తప్పితే ఐదు కిలోమీటర్లు పోతాయి. అబ్బాయికి తొమ్మిదో తరగతి గణితం ఉంది, ఆ లెక్క వాణ్నే చేయమనండి.

వేగం కంటే నాకు గురి ముఖ్యం. ఖాళీ యూరియా సంచిని రెండు గుంజల మధ్య బిగించి, దాని మీద బొగ్గుతో 43 సెంటీమీటర్ల వెడల్పు గడి గీయండి. హోమ్ ప్లేట్ వెడల్పు అంతే. ఎత్తు బ్యాటర్ మోకాలి దగ్గరి నుంచి ఛాతీ నడిమి దాకా. 20 బంతులు. ఎన్ని గడిలో పడ్డాయో రాయండి, మొదటి పది వేరు, చివరి పది వేరు. మొదటి పదిలో ఏడు పడి చివరి పదిలో మూడు పడితే అలసట ఎక్కడ మొదలవుతోందో మీకు దొరికినట్టే. ఈ వయసులో వేగాన్ని వెంటాడిన పిల్లలు గడిని వదిలేస్తారు. పూర్వం జొన్న చేనులో మంచె ఎక్కి వడిసెల తిప్పినవాళ్లు రాయి ఎంత దూరం పోయిందని చూసుకోలేదు, పిట్ట లేచిందా లేదా అని చూసుకున్నారు.

బ్యాటింగ్‌కు పెద్ద లెక్క వద్దు. మీరు ముందు నుంచి 20 బంతులు కింది చేత్తో అందించండి. గట్టిగా, నేరుగా వెళ్లినవి ఎన్ని? మధ్యలో కావాలని ఐదు దూరంగా వేయండి. వాటిలో ఎన్నిటిని వదిలేశాడు? వదిలేయడం కూడా విద్యే, దానికి చప్పట్లు పడవు కాబట్టి ఎవరూ లెక్కపెట్టరు. ఫీల్డింగ్‌కూ అంతే, నేల మీద దొర్లించిన 20లో ఎడమవైపు ఎన్ని తప్పాయి, కుడివైపు ఎన్ని తప్పాయి అని రాయండి. ఒక్క హెచ్చరిక. ఒకటి రెండు మ్యాచ్‌ల అంకెలు చూసి సంబరపడటం గానీ దిగులుపడటం గానీ వద్దు. ఇరవై అవకాశాల్లో ఐదు హిట్లు కొట్టినవాడి సగటు .250, ఆరు కొట్టినవాడిది .300. అక్కడ మొదటివాణ్ని మామూలు ఆటగాడంటారు, రెండోవాణ్ని మెచ్చుకుంటారు. ఇరవై అవకాశాల దగ్గర ఇద్దరికీ తేడా ఒక్క హిట్, అది రాయికి తగిలి పక్కకు మళ్లిన బంతి కూడా కావచ్చు.

పొట్టి అన్నందుకు మీరు నొచ్చుకున్నట్టున్నారు. మగపిల్లలు అందరికంటే వేగంగా పొడవయ్యే కాలం సగటున 14 ఏళ్ల దగ్గర. కొందరికి 12కే వస్తుంది, కొందరికి 16 దాకా రాదు. అందుకే తొమ్మిదో తరగతిలో మీసాలొచ్చినవాడు, గొంతు కూడా మారనివాడు పక్కపక్కన కూర్చుంటారు. ముందు పెరిగినవాడు ఈ ఏడాది గన్ మీద గెలుస్తాడు. అది ప్రతిభా, ఒక ఏడాది ముందు పడ్డ వానా అన్నది 17 ఏళ్లకు గానీ తేలదు. మీ గుమ్మం చెక్కకు ఆనించి నెలనెలా ఎత్తు గీత పెట్టండి. నెలకు సెంటీమీటరు దాకా పెరుగుతున్న రోజుల్లో పరుగు మందగించవచ్చు, గురి తప్పవచ్చు. కాళ్లూ చేతులూ కొత్తవి కదా. ఆ నెలల్లో అంకెలు పడిపోతే తిట్టవద్దు, బంతుల సంఖ్య తగ్గించండి.

వెనిజులాలో హోసే అల్టూవే అనే కుర్రాడు హూస్టన్ ఆస్ట్రోస్ జట్టు ఎంపికలకు వెళ్తే మరీ పొట్టివాడని ఇంటికి పంపేశారు. మర్నాడు వాళ్ల నాన్న మళ్లీ వెళ్లమన్నాడు. ఆ జట్టు చివరికి 15 వేల డాలర్లకు తీసుకుంది, ఆ ఆటలో అది చిల్లర కింద లెక్క. ఆయన ఎత్తు 168 సెంటీమీటర్లు. 2017లో అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) ఉత్తమ ఆటగాడు ఆయనే. మైక్ పియాజా అనే క్యాచర్‌ను (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) 1988 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, 62వ రౌండ్‌లో, 1,390వ వాడిగా తీసుకున్నారు. 2016లో ఆ ఆటలో మేటి ఆటగాళ్లకు మాత్రమే చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. మీ అబ్బాయి అల్టూవే అవుతాడని చెప్పడానికి కాదు ఇవి రాసింది. ఆ పనే జీవితంగా పెట్టుకున్న స్కౌట్లు పదహారేళ్లవాడిని, పంతొమ్మిదేళ్లవాడిని చూసి ఇంత తప్పారు. సంక్రాంతి సెలవుల్లో ఒక్క పూట చూసినాయన పద్నాలుగేళ్లవాడి మీద ఎంత తప్పగలరో మీరే ఆలోచించండి.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెబుతాను. కుర్రాడు చిన్నగా ఉన్నాడు కదా, వయసు ఒక ఏడాది తగ్గేలా పుట్టిన తేదీ మార్చి రాయిస్తే చిన్న పిల్లల జట్టులో మెరుస్తాడని సలహా ఇచ్చేవాళ్లు మన దగ్గర తప్పకుండా తగులుతారు. 2001లో అమెరికాలో పన్నెండేళ్ల లోపు పిల్లల లిటిల్ లీగ్ ప్రపంచ పోటీల్లో డానీ అల్మోంటే అనే కుర్రాడు అందరినీ గడగడలాడించాడు. తర్వాత అతనికి 14 ఏళ్లని తేలింది. జట్టు గెలుపులన్నీ కొట్టేశారు. కాగితం తిప్పింది పెద్దవాళ్లు, పేరు పోయింది పిల్లవాడిది. అతను మేజర్ లీగ్‌లో ఎన్నడూ ఆడలేదు.

ముందు దారి ఏమిటంటే, స్కూల్ గేమ్స్ పోటీల్లో బేస్‌బాల్ ఉంది, ఆ తర్వాత విశ్వవిద్యాలయాల జట్లున్నాయి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి ఈ ఆట తిరిగి వస్తోంది కాబట్టి రెండేళ్లలో మన దగ్గరా కొంచెం సందడి పెరగవచ్చు, కాగితాలిచ్చేవాళ్లూ పెరుగుతారు. క్రీడా కోటా ఉద్యోగం మీద ఆశ ఉంటే, ఏ ఆటకు ఏ స్థాయి సర్టిఫికెట్ చెల్లుతుందో నోటిఫికేషన్‌లో మీరే చదవండి, ఎవరో చెప్పింది నమ్మకండి. పదో తరగతి ఏడాది వస్తోంది, ఈ వారానికి ఇంత చాలు.

ఆ కాగితం పారేయకండి, దాచకండి. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని 50 అంటే ఎవరో, 20 అంటే ఎవరో చెప్పండి. 780 మంది లెక్క వాడికి బాగా నచ్చుతుంది. నవ్వుతాడు కూడా. తర్వాత కాగితం తిప్పండి, వెనక వైపు ఖాళీగానే ఉంటుంది కదా. ఇవాళ్టి తేదీ వేసి ఎత్తు, బరువు, 27.43 మీటర్ల పరుగు అని మూడు గడులు గీసి నింపండి. నాలుగో గడికి బంతి వేగం అని పేరు రాసి, డాక్టరు సరే అనేదాకా దాన్ని ఖాళీగా వదిలేయండి.